నాయనా, ఇక్కడ దిగమాక

మొన్న మాచర్లలో మా చెల్లెలి మనవరాలికి ఓణీల వేడుక చేస్తే నేనూ మా ఆయనా వెళ్ళి, మర్నాడు కారెంపూడి మీదుగా నరసరావుపేటకి తిరిగి వస్తున్నాం. పత్తి బోరేలు ఎత్తుగా కట్టుకున్న ట్రాక్టరొకటి ఎదురు రావడంతో మా బస్సు సాగర్ కాలువ వంతెన మీద కాసేపు ఆగిపోయింది. కిటికీ పక్కన నేను కూర్చున్నాను. కింద కాలువ అంచులదాకా నిండి, చప్పుడు లేకుండా, కదులుతోందా లేదా అన్నంత నిదానంగా కనిపిస్తోంది. ఇంతలో ఎక్కణ్ణించో ఒక ఎండుకొమ్మ వచ్చి, నేను రెప్పవేసి తీసేలోపు వంతెన కిందకి పోయి మాయమైంది. అప్పుడు తెలిసింది ఆ నీటి వేగం. నా చెయ్యి దానంతట అదే మా ఆయన మోచేతిని పట్టుకుంది. ఆయన ఏమిటని అడగలేదు. తన రెండో చెయ్యి తెచ్చి నా చేతి మీద వేసి, బస్సు కదిలేదాకా అలాగే ఉంచారు.

కాలువల పక్క ఊళ్ళలో కాపురాలు చేసిన నా ఈడు ఆడవాళ్ళకి ఈ భయం సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మా పుట్టిల్లు ముప్పాళ్ళ వైపు. మాకు బావులే తప్ప పారే నీళ్ళు తెలియవు. బావి ఎంత లోతైనా ఉన్నచోటే ఉంటుంది, మనం దాని దగ్గరికి పోతేనే దానితో పని. పెళ్ళై కాలువ పక్కనున్న ఆ ఊరికి వచ్చాక చూస్తే, అక్కడి నీళ్ళు మనిషి నడిచినట్టు ఊరి పక్కనుంచి నడిచి పోతుండేవి. ఒకరోజు రేవులో అడుగు మెట్టు కనిపించేది, మర్నాటికి నాలుగు మెట్లు మునిగి ఉండేవి. పైన గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ఎప్పుడు దించుతారో మాకు తెలిసేది కాదు. సైకిలు మీద గట్టు వెంట కాపలా తిరిగే లస్కరు చెబితేనే తెలిసేది. ఆయన కూడా తనకి తెలిసినప్పుడే చెప్పేవాడు.

మా ఆయన వడ్రంగి. ఊళ్ళో అందరూ ఆచారీ అని పిలిచేవాళ్ళు. బండ్లు, నాగళ్ళు, తలుపులు, కిటికీలు అన్నీ మా ఇంటి ముందు తాటాకు పందిరి కిందే తయారయ్యేవి. ఇంట్లో మా అత్తగారు, మేమిద్దరం, నాలుగేళ్ళ మా అమ్మాయి. ఆ పిల్లకి నీళ్ళంటే పిచ్చి. నీళ్ళ గాబు దగ్గరికి పోనిస్తే గంట దాకా వచ్చేది కాదు. దాన్ని కాలువ వైపు పోకుండా కాయడమే నాకు వంటా వార్పూ తర్వాత మూడో పనిగా ఉండేది.

మా ఎదురింట్లో రైతు కుటుంబం. ఆ ఇంటావిడ మా ఆయనకి వరసకి అక్క, నాకు వదిన. పొడుగ్గా, గట్టిగా, ఎవరినైనా ముఖం మీదే అడిగేసే మనిషి. ఆవిడకి ఒక్కడే కొడుకు, హైస్కూలుకి పోయేవాడు. నాట్లకి నీళ్ళు వదిలిన కొత్తలో ఒకరోజు ఆ పిల్లవాడు గేదెను కడగడానికి రేవులోకి దిగి, పాచిపట్టిన మెట్టు మీద కాలు జారాడు. గేదె ఒక్కటే ఒడ్డెక్కి ఇంటికొచ్చింది. వాణ్ణి కింద తూము దగ్గర తీశారు. నేను ఆ రోజు సంగతి ఇంతకన్న రాయలేను. రాసినా మీరు చదవలేరు.

ఆ తర్వాత మా వీధి మొత్తం మారిపోయింది. కాలువ అవతల పొలాలున్నవాళ్ళు పిల్లల్ని వెంట తీసుకుపోవడం మానేశారు. పళ్ళెం కింద పడిన చప్పుడైనా నాలుగిళ్ళ ఆడవాళ్ళు బయటికి వచ్చి తమ పిల్లల పేర్లు పెట్టి పిలిచేవాళ్ళు. నేను మా అమ్మాయి నడుముకి పాతచీర పీలిక కట్టి రెండో కొస నా నడుముకి ముడేసుకుని రొట్టెలు చేసిన రోజులున్నాయి. అన్నయ్య, అంటే వదిన భర్త, పొలంలోనే ఉండిపోయేవాడు, పిలిస్తే తప్ప ఇంటికొచ్చేవాడు కాదు. వదిన మాత్రం ఎవరి ముందూ ఏడవలేదు. అరుగు మీద కూర్చుని కాలువ వైపు పోయే ప్రతి పిల్లనీ ప్రతి పిల్లవాణ్ణీ పిలిచి ఎక్కడికి ఏందని అడిగేది. పిల్లలకి ఆవిడంటే భయం పట్టుకుంది. వాళ్ళు ఆ అరుగు తప్పించుకోవడానికి దొడ్డిదారిన కాలువకి పోవడం మొదలెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు వదిన అన్నం తినలేదు.

ఆ మర్నాడు ఆవిడ ఒక చెక్కమంచాన్ని విప్పదీసి, చెక్కలు నెత్తిన పెట్టుకుని మా పందిరి కిందికి వచ్చింది. వేపచెక్కలు. వాడి మంచంవి. అవి కింద దించి, చెంగుతో తుడిచి, మా ఆయనతో అంది: "తమ్ముడా, వీటితో ఒక బోర్డు చెయ్యి. రేవులో దిగొద్దని రాయించి పెడదాం. నేను ఎంతమందిని కాసేది? నేను లేనప్పుడు అదుంటది."

మా ఆయన సరేనన్నారు. ఆవిడ వెళ్ళాక మా అత్తగారు లోపలినుంచి వచ్చి, చచ్చిన పిల్లోడి మంచం ఇంట్లో ఏందిరా, పసిపిల్ల తిరిగే ఇల్లు, అంటూ గొడవ పెట్టుకున్నారు. నేను పైకి ఏమీ అనలేదు గానీ నా మనసులోనూ అదే ఉంది. ఆ చెక్కల మీద ఒకచోట వాడు మేకుతో గీసుకున్న గీతలు, ఇంకోచోట సిరా మరక. మా అమ్మాయి పోయి నేరుగా వాటి మీదే కూర్చుంది. నేను పరుగున వెళ్ళి దాన్ని ఎత్తుకుని, స్నానం చేయించి, దిష్టి తీసి గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆ చెక్కలు మా పందిరి కింద ఉన్నన్నాళ్ళూ నాకు కాలువే ఇంటికి వచ్చి పడుకున్నట్టుండేది.

మంచం చెక్కలు సన్నవి. బోర్డుకి వెడల్పు కావాలంటే వాటిని అంచుకి అంచు ఆనించి ఒక్క పలకలా కలపాలి. ఇంట్లో వాడే వస్తువైతే ఎలాగో సరిపెట్టొచ్చు. ఎండలో వానలో నిలబడాల్సిన దానికి అతుకు దగ్గర వెంట్రుకంత సందున్నా నీళ్ళు దిగి, ఎండకి విచ్చిపోయి, ఏడాది తిరక్కుండా చెక్క దేనికది అయిపోతుందని ఆయన భయం. అందుకని పక్కపక్కన వచ్చే రెండు చెక్కల్నీ జతగా బిగించి అంచులకి చిత్రిక పట్టేవారు. తర్వాత ఒకదాని మీద ఒకటి నిలబెట్టి నన్ను అటుపక్క కూర్చోబెట్టి, వెలుతురు వస్తోందా అని అడిగేవారు. అతుకు వెంట కన్ను పెట్టి చూడటం నా పని. సన్నగా దారంలా వెలుగు కనిపిస్తే చెప్పేదాన్ని. మళ్ళీ చిత్రిక, మళ్ళీ నా చూపు. మొదటి రోజు ఆ చెక్కల్ని తాకడానికే నాకు చేతులు రాలేదు. చూసిచూసి రెండోరోజుకి, ఎక్కడైనా వెలుగు మిగిలిపోతుందేమో, నేను పట్టుకోలేకపోతానేమో అన్న భయం మొదటి భయం కంటే పెద్దదైంది.

అంచులు కుదిరాక ఆయన వాటిలో బర్మాతో బెజ్జాలు చేసి, వెదురు మేకులు చెక్కి, బంక పెట్టకుండా ముందొకసారి అన్నీ బిగించి చూశారు. అప్పుడు వచ్చాడు బళ్ళో పంతులుగారు, అక్షరాలు రాయడానికి కొలత చూసుకుందామని. లోతు ఎక్కువ, దిగరాదు అని రాస్తే సరిపోతుందని ఆయన అన్నాడు. వదిన ఒప్పుకోలేదు.

"దిగరాదు అంటే ఎవరు చెప్పినట్టుంది అయ్యవారూ? పోలీసోడు చెప్పినట్టుంది. నాయనా, ఇక్కడ దిగమాక, లోతు అని రాయండి. నేను చెప్పినట్టు రాయండి."

పంతులుగారు చెక్క మీద ఇంకోసారి కొలత పెట్టి చూశాడు. తర్వాత, రాస్తానమ్మా, కానీ అక్షరాలు దూరంనుంచి కనపడాలంటే ఆ మాటకి ఇంకో వరస కావాలి, చెక్క చాలదు అన్నాడు. వదిన లేచి ఇంటికి పోయి, మంచం తలవైపు పట్టీ కూడా విప్పి తెచ్చింది. అది ఒక్కటైనా ఉంచుకుందామనుకుని ఆగిందని ఆవిడ చెప్పలేదు, మాకే అర్థమైంది. మా ఆయన దానికీ అంచు పట్టారు. నేను దానికీ వెలుగు చూశాను. ఆ పూట ముగ్గురం కలిసి బంక రాసి, మేకులు దించి, తాడు చుట్టి కర్రతో మెలితిప్పి బిగించాం. వదిన తాడు పట్టుకున్న తీరు చూస్తే ఆ చెక్కలు ఎప్పటికీ విడిపోవని నాకు అనిపించింది. వెనకవైపు అడ్డపట్టీలు వేసి, కొసలకి రంగు దట్టించి ఆరబెట్టాక పంతులుగారు ఎర్రరంగుతో రాశాడు.

బోర్డుని రేవుకి తీసుకుపోయే రోజు పొద్దున కాలువలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. అది గవర్నమెంటు గట్టు, పాతొద్దని లస్కరు చెప్పాలి. కానీ ఆయనా ఆ పిల్లవాణ్ణి తూము దగ్గర తీసినవాళ్ళలో ఒకడు. మా బండి చూసి సైకిలాపి, "ఆచారీ, నేను అటేపు పోతన్నా, నాకేం కనపళ్ళా" అని చెప్పి ఎగువకి వెళ్ళిపోయాడు. బండిలో బోర్డు, రెండు గుంజలు, గడ్డపారలు, సామాను కట్టిన మోకు. మా ఆయన, నేను, వదిన వెళ్ళాం. అమ్మాయిని ఇంట్లో మా అత్తగారి దగ్గర ఉంచాం.

బోర్డుని దింపి గట్టు మీద తుమ్మచెట్టుకి ఆనించాం. మా ఆయన మెట్ల పక్కన గుంజలకి గోతులు తవ్వుతున్నారు. వదినా నేనూ రాళ్ళు అందిస్తున్నాం. కాసేపటికి మా అత్తగారు వగరుస్తూ గట్టెక్కి వస్తున్నారు. ఆవిడ ఒక్కరే వస్తున్నారు. దగ్గరికి రాకుండానే అరిచారు: "పిల్ల మీ దగ్గరకొచ్చిందా?"

నా చేతిలో రాయి ఎక్కడ పడిందో నాకు తెలియదు.  అత్తగారు నీళ్ళు తోడుకుని వచ్చేసరికి గుమ్మంలో పిల్ల లేదట, బండి వెనకాలే పోయిందని ఎవరో చెప్పారట. మేమంతా ఒక్కసారి కాలువ వైపు చూశాం. చూస్తుండగానే తెలిసింది, పొద్దున కనిపించిన కింది మెట్లు ఇప్పుడు లేవు. నీళ్ళు పెరుగుతున్నాయి. రేవుకి కొంచెం దిగువన ఏదో ఎర్రగుడ్డ నీళ్ళ మీద ఉబ్బి తేలుతోంది. మా అమ్మాయికి ఆ పొద్దున ఎర్రలంగా కట్టాను.

నేను అరిచానో లేదో గుర్తులేదు. మా ఆయన గడ్డపార వదిలేసి దూకేశారు. ఆయనకి ఈత వచ్చు, కానీ ఆ కాలువలో ఈత వచ్చినవాళ్ళే ఎక్కువమంది పోయారు. గట్లు రాతివి, ఏటవాలువి, పాచివి. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ గుడ్డని అందుకోవడం చూశాను. గుడ్డ చేతిలోకి వచ్చింది, అంతే. ఎవరో బట్టలుతుకుతూ వదిలేసిన పాత చీరముక్క. దాన్ని పైకెత్తి చూపించి, కాదు, కాదు అని చెయ్యి ఊపుతూనే ఆయన నీళ్ళతోపాటు దిగువకి పోతున్నారు. గట్టుకి చెయ్యి వేస్తే జారిపోతోంది. మళ్ళీ వేస్తే మళ్ళీ జారుతోంది. బిడ్డ ఎక్కడుందో తెలియదు, మనిషి కళ్ళముందే పోతున్నాడు. ఎటు చూడాలో తెలియక నేను గట్టు మీద అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేస్తున్నాను. ఆ వయసు వరకూ నేను భయం అనుకున్నదేదీ భయం కాదని అప్పుడు తెలిసింది.

కదిలింది వదిన. బండి మీది మోకు లాగి, ఒక కొస తన నడుముకి చుట్టి, రెండో కొస నా చేతిలో కుక్కి, "ఏడవమాక. పట్టుకో. నీ చెయ్యి ఊడినా సరే వదలమాక" అని, గట్టు వెంట పరుగెత్తి ఆయనకంటే ముందుకి పోయి, ఏటవాలు రాళ్ళ మీద కూర్చుని జారింది. ఆ మోకు నా చేతుల్లో జరజరా జారి అరచేతులు మండిపోయాయి. అత్తగారు నా వెనక పట్టుకున్నారు. మా వెనక ఇంకెవరో పట్టుకున్నారు. తిరిగి చూస్తే లస్కరు. ఎగువన గేట్లెత్తారని తెలిసి మాకు చెప్పడానికి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడట. నడుము లోతు నీళ్ళలో వదిన చెయ్యి చాచింది.

"తమ్ముడా, ఇటు! నన్ను చూడు, ఇటు!"

రెండుసార్లు చేతులు తప్పిపోయాయి. మూడోసారి ఆవిడ ఆయన చొక్కా పట్టుకుంది. మేం ముగ్గురం లాగాం. ఒడ్డెక్కిన మనిషి దగ్గుతూనే మళ్ళీ నీళ్ళలోకి పోబోయారు, పిల్ల, పిల్ల అంటూ. లస్కరు ఆయన్ని రెండు చేతులా పట్టి ఆపాడు.

ఆ అరుపులకి గట్టు మీద తుమ్మచెట్టు దగ్గర నుంచి చిన్న ఏడుపు వినిపించింది. చెట్టుకి ఆనించిన బోర్డు వెనక ఎండ తగలని చోట, ముడుచుకుని పడుకుని నిద్రపోయింది మా అమ్మాయి. బండి వెనక నడిచొచ్చి, అలసిపోయి, మేం గోతుల దగ్గర ఉండగా అక్కడ దూరిందన్నమాట. నిద్రలో లేచి, అందరూ అరుస్తుంటే దడుచుకుని ఏడుస్తోంది. నేను పోయి దాన్ని ఎత్తుకోలేకపోయాను. అక్కడే కూలబడ్డాను. అత్తగారు వెళ్ళి తెచ్చి నా ఒళ్ళో వేశారు.

వదిన దగ్గరికి రాలేదు. తడిసిన బట్టలతో దూరంగా నిలబడి మా ముగ్గుర్నీ చూసింది. అంతకాలం ఎవరి ముందూ ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. గొంతు పెట్టి, వాడి పేరు పెట్టి ఏడ్చింది. మా అత్తగారు పోయి ఆవిడ తల తన భుజం మీద పెట్టుకుని, ఏడువమ్మా, ఏడువు, అంటూ నిలబడ్డారు. చచ్చిన పిల్లోడి మంచమని గొడవపడింది ఆవిడే.

మా ఆయన వణికిపోతూ, ఇవాళ్టికి ఇంటికి పోదాం అక్కా, బోర్డు ఇంకోరోజు పెడదాం అన్నారు. వదిన కళ్ళు తుడుచుకుని, "ఇయ్యాల పెట్టకపోతే నువ్వు మళ్ళీ ఈ రేవుకి రాలేవు. నేనూ రాలేను" అంది. నిజమే. లస్కరు తనే గడ్డపార అందుకున్నాడు. ఆ పూటే, నీళ్ళు ఇంకా పెరుగుతుండగానే, బోర్డు నిలబెట్టాం.

అది చానా ఏళ్ళు నిలబడింది. ఏటా ఎండలు ముదరకముందే వదిన పోయి దానికి నూనె రాసేది. అక్షరాలు వెలిసిపోతే పంతులుగారు మళ్ళీ దిద్దేవాడు. అతుకులు విచ్చలేదు. ఆ బోర్డు వల్ల ఎవరైనా ఆగారా అంటే నేను చెప్పలేను. కొందరు ఆగి ఉంటారు, కొందరు దాని పక్కనుంచే దిగి ఉంటారు. కాలువకి కొత్తగా సిమెంటు వేసినప్పుడు పాత రేవుతోపాటు దాన్నీ తీసేశారు. అప్పటికి వదిన రాజుపాలెంలో తన సొంత తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది, మేం నరసరావుపేటకి వచ్చేశాం. ఆవిడ పోయి కూడా ఏళ్ళైంది. మా అమ్మాయి గుంటూరులో ఉంటుంది, దానికే పెళ్ళీడు పిల్లలున్నారు. ఆ రోజు సంగతి దానికి ఏమీ గుర్తులేదు. నేనూ ఆయనా ఎప్పుడూ ఆ రోజు గురించి మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఊళ్ళో ఇంటింటికీ కుళాయిలొచ్చాయి, కాలువకి పోయి నీళ్ళు తెచ్చేవాళ్ళు లేరు. భయాలు మాత్రం తగ్గలేదు, చోటు మార్చుకున్నాయి. పోయిన నెలలో ఒక సాయంత్రం మా అపార్టుమెంటు గేటు దగ్గర పక్కింటి అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది. ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం, తీయడం, రోడ్డు చివరికి చూడటం. తన బాబు ట్యూషన్ నుంచి రావాల్సిన టైము దాటిపోయిందని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. మా బాల్కనీలోంచి ఏమ్మా అని అడిగితే, ఏం లేదాంటీ అంది. పైన బాల్కనీల్లో మనుషులున్నారు, ఎవరూ దిగలేదు. ఆ పిల్లా ఎవర్నీ పిలవలేదు. మా వీధిలో పళ్ళెం పడితే నాలుగిళ్ళు బయటికొచ్చిన కాలం ఈ పిల్లకి తెలియదు. పిలిస్తే వస్తారని తెలియకపోతే ఎవరైనా ఎలా పిలుస్తారు?

నేను చెప్పులేసుకుని కిందికి దిగి, ఆ అమ్మాయి పక్కన నిలబడ్డాను. నేనూ రోడ్డు చివరికే చూశాను. కాసేపటికి బాబు ఆటో దిగి, సంచీ ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ అమ్మాయి వాణ్ణి కసిరి, చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నాలుగడుగులు వేసి, ఎందుకో వెనక్కి వచ్చింది. నా భుజం మీద తల ఆనించి, ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది.